బ్రామ్స్ మొదటి సెరనేడ్: ఆర్కెస్ట్రాదా, తొమ్మిదిమందిదా?

జర్మన్ స్వరకర్త బ్రామ్స్ రాసిన ఈ డి మేజర్ సెరనేడ్ (పలు భాగాల వాద్య రచన) వినమని ఎవరికి చెప్పినా వెంటనే అడిగేది ఇదే: ఏ రూపం వినాలి, పెద్ద ఆర్కెస్ట్రాదా, తొమ్మిది వాద్యాల చిన్న బృందానిదా? నా ఓటు తొమ్మిదిమందికే. ఎందుకో చెబుతాను.

జర్మనీలోని డెట్మోల్డ్ రాజ కొలువులో ఉన్న రోజుల్లో బ్రామ్స్ దీన్ని చిన్న బృందానికే రాశాడు. 1858 డిసెంబరుకల్లా మనసు మారింది. దీన్ని సింఫనీ చేస్తాను, కాగితాలు పంపమని స్నేహితుడు, వయొలిన్ విద్వాంసుడు యోయాకిమ్‌కి రాశాడు. 1860 మార్చిలో హనోవర్‌లో యోయాకిమ్ చేతుల మీదుగా పెద్ద ఆర్కెస్ట్రా రూపం బయటికొచ్చింది. మొదటి ప్రతి మనకు దక్కలేదు. ఇప్పుడు దొరికే నొనెట్‌లు (తొమ్మిదిమంది రూపాలు) ఆలన్ బౌస్టెడ్, హోర్హె రోటర్ లాంటివాళ్లు ఆర్కెస్ట్రా స్కోరును తిరగదోడి కట్టినవి.

అయితే అదంతా ఊహే కదా అంటారు. పూర్తిగా కాదు. ఆర్కెస్ట్రా స్కోరులోనే మొదటి మినుయెట్ (నాట్యపు నడకలో సాగే భాగం) తెరిచి చూడండి. ఫ్లూట్, రెండు క్లారినెట్లు, బసూన్, కింద మీటుతూ చెల్లో. ఓబోలు, ట్రంపెట్లు, టింపనీ అన్నీ చేతులు కట్టుకుని కూర్చుంటాయి. పాత ఇంటి గది ఒకటి పడగొట్టకుండా వదిలేసినట్టే ఉంటుంది. తక్కిన భాగాలను ఎలా కట్టాలో కొలత అక్కడే దొరుకుతుంది. నా దృష్టిలో తేల్చేది ఇదే. తొమ్మిదిమందిలో ఓబో ఉండదు కాబట్టి దాని పాటలను క్లారినెట్‌కి ఇవ్వాలా, వయొలిన్‌కి ఇవ్వాలా అన్నచోట మాత్రం కట్టినవాడి అభిరుచే దిక్కు.

మొదటి భాగంలో తంత్రులు స–ప శ్రుతి పట్టి ఉంచితే హార్న్ పాట ఎత్తుకుంటుంది, క్లారినెట్ అందుకుంటుంది. తొమ్మిదిమందిలో అది ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నట్టే వినిపిస్తుంది. కానీ అదే భాగంలో అందరూ ఒక్కసారి విరుచుకుపడే చోట్ల ఆర్కెస్ట్రాదే గెలుపు. ఒక్క వయొలిన్ ఎంత గీసినా ట్రంపెట్లూ టింపనీ ఉన్న నిండుతనం రాదు. నెమ్మదిగా సాగే అడాజియో భాగం మాత్రం చిన్న బృందంలోనే నాకు నచ్చుతుంది. లోపలి స్వరాలు ఒక్కొక్కటీ విడిగా తెలుస్తాయి.

నాలుగు చేతుల పియానో రూపం బ్రామ్స్ సొంతదే. ఇంట్లో వాయించుకోవడానికి బాగుంటుంది, అంతే.

ఇక బౌస్టెడా, రోటరా అన్నదానికంటే హార్న్ ఎవరు వాయించారో చూసుకోండి. ఆర్కెస్ట్రాలో నలుగురు పంచుకునే పని ఇక్కడ ఒక్కరి మీదే పడుతుంది. రెండో స్కెర్జోలో (చురుకైన భాగం) చెల్లోతో కలిసి హార్న్ దూకేచోట తడబడితే ఏ పునర్నిర్మాణమూ కాపాడలేదు.