డ్రమ్స్ ట్యూన్ చేసే డయల్ గేజ్: ఏడాది వాడాక

బాక్సు విప్పగానే నవ్వొచ్చింది. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేసేవాడిని నేను. సన్నటి తేడాలు కొలవడానికి రోజూ నా చేతిలో ఉండే డయల్ గేజే ఇది! అదే గుండ్రటి ముఖం, అదే ముల్లు, కింద అదే పిన్ను. కాకపోతే పిన్ను చుట్టూ బరువైన లోహపు దిమ్మ ఒకటి తొడిగారు. దిమ్మని డ్రమ్ హెడ్ (పుల్లతో వాయించే పొర) మీద కూర్చోబెడితే పిన్ను హెడ్‌ని నొక్కుతుంది. హెడ్ ఎంత బిగువుగా ఉంటే పిన్ను అంత పైకి పోతుంది, ముల్లు అంత పెద్ద అంకె మీద ఆగుతుంది. డ్రమ్‌డయల్ అయినా, టామా వాళ్ల టెన్షన్ వాచ్ అయినా హెడ్ బిగువు కొలిచే రకమే. నాది ఏ కంపెనీదో చెప్పను. ఆరు వేలకి రెండొందలు తక్కువ పెట్టాను. "టైమ్ చూపించని గడియారానికి అంత డబ్బా?" అంది మా ఆవిడ.

కొనడానికి కారణం నా ఎడమ చెవి. ఇరవై రెండేళ్లు లేత్ పక్కన నిలబడితే సన్నటి శబ్దాలు ఆ చెవికి అందడం మానేశాయి. ఆదివారాలు మా చర్చిలో డ్రమ్స్ వాయిస్తాను. నాకు నేర్పింది పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించే మాస్టారు. ఆయన ట్యూనింగ్ అంతా చెవితోనే. ఒక చేతి వేలు హెడ్ మధ్యలో ఆనించి, రెండో చేత్తో ఒక్కో లగ్గు (హెడ్‌ని బిగించే బోల్టు ఎక్కే చోటు) దగ్గర అంగుళం లోపలికి పుల్లతో తట్టేవారు. ఒక బోల్టు పావు తిప్పు తిప్పితే తర్వాత దాని ఎదురు బోల్టు, వరసగా పక్కది ఎప్పుడూ కాదు. "ముందు లగ్గులన్నీ ఒకే మాట చెప్పాలిరా. ఆ మాట ఏంటనేది తర్వాత చూద్దాం" అనేవారు.

ఆ ఒకే మాట చెప్పించడంలో గేజ్‌ని మించింది లేదు, ఒప్పుకుంటున్నాను. క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం చర్చి ఎలా ఉంటుందో తెలుసుగా. బయట జనరేటర్, లోపల సండే స్కూల్ పిల్లల రిహార్సల్, కీబోర్డ్ తమ్ముడు అదే పాటని మూడు శ్రుతుల్లో వెతుక్కోవడం. అందులో లగ్గు దగ్గర తట్టి వినమంటే మా మాస్టారికైనా కష్టమే. మైకుతో విని హెర్ట్జ్ చూపించే ఫోన్ యాప్ ఒకటి ప్రయత్నిస్తే, నేను పుల్ల ముట్టకుండానే అంకెలు గంతులేశాయి. గేజ్‌కి చెవుల్లేవు కాబట్టి దానికి ఈ గోల పట్టదు. ఫ్లోర్ టామ్‌కి (నేల మీద కాళ్లతో నిలబడే పెద్ద డ్రమ్ము) రెండు వైపులా కొత్త హెడ్స్ వేసి పావుగంటలో లేచాను. అంతకు ముందు గంట పట్టేది, తిట్లు అదనం.

వాడేముందు ఒక పని తప్పదు. గేజ్‌ని చదునైన అద్దం మీద పెట్టి చూడాలి. నాది 100 చూపించాలి, వచ్చిన రోజు 97 చూపించింది. డయల్ సరిచేసి మొదలుపెట్టాను. అప్పటి నుంచి అరచేతంత అద్దం ముక్క ఒకటి గుడ్డలో చుట్టి బాక్సులోనే పెడుతున్నాను. సున్నా చూడకుండా గేజ్ వాడినవాణ్ని మా షాపులో అయితే బయటికి పంపిస్తారు.

ఇక ఆ అంకె. 75 అంటే ఏంటి? కిలోలు కాదు, హెర్ట్జ్ కాదు, 'స' కాదు 'ప' కాదు. మా దగ్గర ఇంటర్ చదివే కుర్రాడొకడు నేర్చుకుంటున్నాడు. నేను లేనప్పుడు టామ్స్ మూడూ, పైనా కిందా, అన్నీ 75కి తెచ్చిపెట్టాడు. "అన్నా, గీత తేడా లేదు, చూడండి" అన్నాడు. నిజమే, గీత తేడా లేదు. వాయిస్తే 12 అంగుళాల టామ్ బాగానే పలికింది, 13 దాని నీడలా ఉంది, 16 ఏమో అట్టపెట్టెని గుద్దినట్టు. ఎందుకంటే 12కి ఒక పొర హెడ్ ఉంది, 16కి రెండు పొరలది. ఒకే బిగువులో ఉన్నా బరువైన హెడ్ కింది స్థాయిలో పలుకుతుంది, పెద్ద డ్రమ్ము ఇంకా కిందికి పోతుంది. ఏ రెండు టామ్‌ల మధ్య ఎంత దూరం ఉంటే పాటకి బాగుంటుందో ఏ ముల్లూ చెప్పదు. ఆ రోజు గేజ్ పక్కన పెట్టించి, వాడి చేతే 16 కింది హెడ్ కాస్త బిగింపించాను. మూడో తిప్పుకి వాడి ముఖమే మారింది.

స్నేర్ (కింది హెడ్‌కి తీగలు ఆనుకుని ఉండే డ్రమ్ము) దగ్గర ఇంకో చిక్కు. 85 దాటాక గీతలు దగ్గరపడినట్టు ఉంటుంది. ముల్లు అర గీత కదిలితే కంటికి ఆనదు, చెవికి మాత్రం తెలుస్తుంది. కింది హెడ్ సంగతి వేరే: తీగలు తప్పించాలి, తీగలు కూర్చునే చోట షెల్ (డ్రమ్ము గుల్ల) అంచు కొంచెం పల్లంగా ఉంటుంది కాబట్టి అక్కడి అంకెని మిగతావాటితో పోల్చకూడదు. బేస్ డ్రమ్ అయితే పడుకోబెట్టాల్సిందే, గేజ్ తన బరువు మీద నిలబడాలిగా. పెడల్ విప్పు, కాళ్లు మడువు, ఇద్దరు పట్టుకోండి. ఒక్కసారి చేశాను. ఇప్పుడు బేస్ డ్రమ్ చెవితోనే.

అసలు గొడవకి వస్తాను. మొన్న ఫిబ్రవరిలో స్నేర్ పైహెడ్ మార్చాను. ఎనిమిది లగ్గుల దగ్గరా 85. ఫొటో కూడా తీసుకున్నాను, గొప్పకి. ఆదివారం రెండో పాటకే స్నేర్ గొంతు జారడం మొదలైంది. మూడో పాటకి తడి అట్ట. పాస్టర్ గారు వాక్యం మొదలుపెట్టాక మెల్లగా వేళ్లతో తడిమి చూస్తే ఒక బోల్టు ఊరికే తిరుగుతోంది, బిగించే కీ అక్కర్లేకుండానే.

సోమవారం రిమ్ (హెడ్‌ని చుట్టూ నొక్కి పట్టే లోహపు వలయం) విప్పి షాపుకి తీసుకెళ్లి సర్ఫేస్ ప్లేట్ (కచ్చితంగా చదును చేసిన బల్ల) మీద పెట్టాను. ఆ బోల్టు ఉన్న చోట రిమ్ కింద సందు కొలిచే ఫీలర్ గేజ్ దూరిస్తే 0.8 మిల్లీమీటర్ల ఆకు హాయిగా లోపలికి పోయింది. పక్క రెండు లగ్గుల దగ్గర రిమ్ వంగి హెడ్‌ని నొక్కేస్తోంది కాబట్టి, మధ్యలో ఈ బోల్టు దాదాపు వదులుగా ఉన్నా హెడ్ బిగువు 85 చూపించింది. నాలుగు దెబ్బలు పడగానే అది వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. గేజ్ అబద్ధం చెప్పలేదు. దాన్ని అడిగింది హెడ్ గురించి, చెప్పింది హెడ్ గురించి. బోల్టు సంగతి తెలిసేది కీ పట్టుకున్న మణికట్టుకి. ముల్లు వైపే చూస్తూ కూర్చుని నేను మణికట్టు మాట వినలేదు. చెవితో చేసినంత కాలం కళ్లు మూసుకుని చేసేవాణ్ని, అప్పుడు చేతికి అన్నీ తెలిసేవి.

మా ఊళ్లో డప్పు వాయించే తాత ఒకాయన ఉండేవాడు. వానాకాలం చితుకుల మంట దగ్గర డప్పు తిప్పుతూ కాచి, సిర్రతో ఒక్క దెబ్బ కొట్టి, తల అడ్డంగా ఊపి మళ్లీ కాచేవాడు. తోలు చెమ్మ పీల్చి సడలిపోతుంది మరి. 1950ల చివర ప్లాస్టిక్ హెడ్స్ వచ్చాక మా డ్రమ్స్‌కి ఆ బాధ తప్పింది. అయినా మే నెల మధ్యాహ్నం ఆటో మీద వేసుకొచ్చిన స్నేర్, ఏసీ హాల్లో గంట ఉన్నాక అదే స్నేర్ కాదు. ఇలాంటప్పుడు గేజ్ పనికొస్తుంది. బాగా పలికిన రోజు అంకెలు మార్కర్‌తో డ్రమ్ పెట్టె మూత లోపల రాసుకున్నాను: స్నేర్ పైన 86, 12కి పైన 76, కింద 78. తేడా వస్తే ముందు అక్కడికి తెస్తాను, ఆ తర్వాత చెవి.

కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి ఆరు నెలలు దీన్ని కొనకండి. ఆ డబ్బుతో మంచి హెడ్స్ వస్తాయి. నాలా చెవి తగ్గినవాళ్లు, గోలలో పనిచేసేవాళ్లు, తరచూ హెడ్స్ మార్చేవాళ్లు కొనండి, డబ్బు దండగ కాదు. ముందు రిమ్ మాత్రం చదునైన గ్రానైట్ బండ మీద పెట్టి చూసుకోండి.

నా గేజ్ ఇప్పుడు నా దగ్గర లేదు. పక్క సంఘం డ్రమ్మర్ సువార్త సభలకని అడిగి తీసుకెళ్లి మూడు వారాలైంది. నిన్న ఫోన్ చేసి, "బ్రదర్, మీ గేజ్ ఏదో తప్పు చూపిస్తోంది" అన్నాడు. అద్దం ముక్క ఇక్కడే నా బల్ల మీదే ఉండిపోయింది.