యమహా ఎ-ఎస్301: ఏళ్ల తరబడి వాడాక

యాంప్లిఫయర్ కొనబోయేవాళ్లు ముందు అడిగేది ‘ఎన్ని వాట్లు?’ అనే. దీనికి, 8 ఓమ్స్ స్పీకర్లతో ఒక్కో చానెల్‌కి 60 వాట్లు. మా అపార్ట్‌మెంట్ హాల్లో వాల్యూం సగం దాకా తిప్పే అవసరం ఇన్నేళ్లలో రాలేదు. తిప్పితే కింది ఫ్లాటువాళ్లు పైకొస్తారు. వాట్లు రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెళ్లే. 60కీ 100కీ తేడా చెవికి అంతంతమాత్రం. ఆ డబ్బేదో మంచి స్పీకర్ల మీద పెట్టుకోండి.

నాకు దీంట్లో బాగా పనికొచ్చింది లౌడ్‌నెస్ నాబు. సౌండ్ తగ్గేకొద్దీ మన చెవికి బేస్ ఆనదు. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే ఇది కొలిచి చూపించారు. అందుకే పిల్లలు పడుకున్నాక చిన్నగా కచేరీ పెట్టుకుంటే గాత్రం, వయొలిన్ వినిపిస్తాయి గానీ మృదంగం ఎడమవైపు మోత పత్తా ఉండదు. చాలా యాంప్లిఫయర్లలో లౌడ్‌నెస్ ఒట్టి బటన్, నొక్కితే బేస్ గుమ్మంటుంది, అంతే. ఇక్కడ పద్ధతి వేరు. నాబుని ఫ్లాట్‌లో ఉంచి, మీరు ఎంత గట్టిగా వింటారో అంత వరకు వాల్యూం పెట్టండి. ఇక వాల్యూం ముట్టుకోకుండా లౌడ్‌నెస్ తిప్పుతూ సౌండ్ తగ్గించుకోండి. మధ్య శ్రుతులు దిగుతాయి, మృదంగం మిగులుతుంది. సిగ్నల్‌ని నేరుగా పంపే ప్యూర్ డైరెక్ట్ బటన్ నొక్కి ఉంటే మాత్రం ఈ నాబు, బేస్, ట్రెబుల్ ఏవీ పనిచేయవు.

ఎల్‌పీ రికార్డులకు ఫోనో ఇన్‌పుట్ ఉంది, ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) రకం కార్ట్రిడ్జికి, అంటే సూది ఉండే భాగానికి, మాత్రమే. టర్న్‌టేబుల్ గ్రౌండ్ వైరు వెనక స్క్రూకి బిగించకపోతే గుయ్యిమంటూ ఒకటే హమ్మింగ్. టీవీని ఆప్టికల్ కేబుల్‌తో కలిపితే టీవీ సెట్టింగుల్లో ఆడియోని పీసీఎంకి (కుదించని మామూలు డిజిటల్ ఆడియోకి) మార్చండి. డాల్బీలో వదిలేస్తే బొమ్మే గానీ మాట రాదు. బ్లూటూత్ లేదు, చిన్న రిసీవర్ తగిలించుకున్నాను.

పైన చిల్లుల్లోంచి వేడి బయటికి పోవాలి. మా ఇంట్లో దుమ్ము పడుతుందని లేసు గుడ్డ కప్పుతారు. నేను తీసేస్తాను, సాయంత్రానికి మళ్లీ కప్పి ఉంటుంది.

సెకండ్‌హ్యాండ్‌లో చూస్తున్నవాళ్లు పాట పెట్టి నాబులన్నీ అటూ ఇటూ తిప్పి చూడండి, కరకరమంటుందేమో. లౌడ్‌నెస్ నాబు మరీ ముఖ్యం, అమ్మేవాళ్లలో చాలామంది దాన్ని ఒక్కసారి కూడా తిప్పి ఉండరు.