విశాఖ ముసురుకూ అరకు మంచుకూ ఒకే రెయిన్ సూట్

విశాఖపట్నంలో పిల్లలకు చలి దుస్తులంటే చాలా ఇళ్లలో స్వెటరూ, మంకీ క్యాపూ కొని ఊరుకుంటారు. జనవరిలో కూడా ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత 17, 18 డిగ్రీల కంటే పెద్దగా పడిపోదు కాబట్టి, మన ఊళ్లో పిల్లలను వణికించేది చాలావరకు తడే. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడినప్పుడల్లా పట్టే ముసురులో స్కూటరు మీద బడికి వెళ్లాలి. సెలవుల్లో అరకు, లంబసింగి వెళితే తెల్లవారుజామున మంచు బట్టలను తడిపేస్తుంది. ఈ రెండింటికీ పనికొస్తుందనే ఉద్దేశంతో జగదాంబ కూడలి దగ్గర ఒక దుకాణంలో మా ఆరేళ్ల అబ్బాయికి 850 రూపాయలకు కొన్న రెయిన్ సూట్‌ను ఇక్కడ సమీక్షిస్తున్నాను. దానికి చెప్పుకోదగ్గ బ్రాండు పేరేమీ లేదు. కోటు, ప్యాంటు, రెండూ మడిచి పెట్టుకునే చిన్న సంచి, అంతే.

రెయిన్‌కోటు మంచిచెడ్డలు తెలియాలంటే దాన్ని తిరగేసి కుట్లు చూడాలి. సూది దిగిన ప్రతి రంధ్రమూ నీటికి దారి ఇస్తుంది కాబట్టి, మంచి కోటుకు కుట్ల పొడవునా లోపలివైపు సన్నని టేపును వేడితో అతికిస్తారు. ఈ కోటుకు భుజాల మీద, చంకల కింద ఆ టేపు ముడతలు లేకుండా చక్కగా ఉంది. జిప్పు మీద వెల్‌క్రోతో మూసుకునే పట్టీ ఉండటం వల్ల ఎదురుగాలికి వాన కొట్టినా ఛాతీ తడవలేదు. ప్యాంటు దగ్గరే తయారీదారు పొదుపు చేశాడు: పక్క కుట్లకు టేపు వేసి, కాళ్ల మధ్య కుట్టును వదిలేశాడు. తడిసిన స్కూటరు సీటు మీద కూర్చుంటే నీరు సరిగ్గా అక్కడి నుంచే లోపలికి దిగుతుంది. బడికి చేరేసరికి నిక్కరు తడిసిపోయిన పిల్లవాడు రోజంతా అలాగే కూర్చోవాలి కదా!

కోటు టోపీకి తాళ్లకు బదులు ఎలాస్టిక్ పెట్టడం నాకు బాగా నచ్చింది. మెడ దగ్గరి తాళ్లు ఆటస్థలంలో జారుడుబల్లకో, బస్సు తలుపుకో చిక్కుకుని ప్రాణం మీదికి తెస్తాయి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 14682 ఏడేళ్ల లోపు పిల్లల దుస్తులకు టోపీ, మెడ భాగాల్లో తాళ్లను అనుమతించదు. ఇక్కడి దుకాణాల్లో వేలాడే కోట్లలో చాలావాటికి ఇప్పటికీ తాళ్లే ఉంటున్నాయి.

సూట్ అసలు పరీక్ష పాడేరు దగ్గర వంజంగి కొండ మీద జరిగింది. బయటి మంచు లోపలికి రాలేదు గానీ, కొండ ఎక్కుతున్నప్పుడు పట్టిన చెమట కూడా బయటికి పోలేదు. ప్లాస్టిక్ పూత ఉన్న ఏ కోటుకైనా ఇది తప్పని లోపం. అందువల్ల లోపల ఏం తొడుగుతామన్నది కోటంత ముఖ్యం. నూలు బనియను చెమటను పీల్చుకుని ఒంటికి అతుక్కుంటుంది. నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది కాబట్టి, పైకెక్కి నిలబడగానే పిల్లవాడికి వణుకు మొదలవుతుంది. పాలియెస్టర్ దారం తన బరువులో ఒక శాతం తేమను కూడా పీల్చుకోదు. ఉన్ని 30 శాతం వరకు తేమ పట్టినా పెద్దగా తడిసినట్టు అనిపించదు, వెచ్చదనమూ నిలుపుకుంటుంది. ఒంటికి పల్చని పాలియెస్టర్ చొక్కా, దాని మీద ఫ్లీస్ (నూగులా మెత్తగా ఉండే పాలియెస్టర్ బట్ట) కోటో, అమ్మమ్మ అల్లిన అసలైన ఉన్ని స్వెటరో, ఆపైన ఈ రెయిన్ సూట్ వేసినప్పుడు మా వాడు హాయిగా తిరిగాడు. కొండ ఎక్కేటప్పుడు మధ్య పొరను తీసి సంచిలో పెట్టడం మంచిది. దూది నింపినట్టుండే లావుపాటి జాకెట్‌ను దీని కింద ఇరికించకూడదు. అది నలిగి, వెచ్చదనాన్నిచ్చే గాలి కాస్తా బయటికి పోతుంది.

పాదాల విషయంలో ఈ సూట్ మీద ఆశ పెట్టుకోకండి. స్కూటరు మీద మోకాళ్లు మడవగానే ప్యాంటు అంచు పైకి జరిగి, నీరు మేజోళ్లలోకి కారుతుంది. గమ్ బూట్లు విడిగా కొనాల్సిందే, బడి సంచిలో మరో జత మేజోళ్లు పెట్టాల్సిందే.

కొలత విషయానికొస్తే, వచ్చే ఏడాదికీ సరిపోతుందని రెండు సైజులు పెద్దది తీసుకుంటే చేతుల కొసల నుంచి గాలి దూరుతుంది, ప్యాంటు అంచు కాళ్లకు అడ్డం పడుతుంది. స్వెటరు మీద తొడిగి, చేతులు పైకెత్తించి చూసి, ఒక్క సైజు పెద్దది తీసుకుంటే చాలు. మన సముద్రపు గాలిలో ఇది త్వరగా ఆరదు. తడిగా మడిచి సంచిలో పెడితే రెండో రోజుకే ముక్కిపోయిన వాసన వస్తుంది, కాబట్టి తిరగేసి నీడలో ఆరవేయాలి.

కోటుకు మాత్రమే అయితే నేను నిస్సందేహంగా మంచి మార్కులు వేస్తాను. ప్యాంటు లేకుండా కోటు ఒక్కటే ఇస్తారా అని అడిగితే, "విడిగా రాదండి, సెట్టే తీసుకోవాలి" అన్నారు. 850 రూపాయల్లో 500 కోటుకే పెట్టాననుకుని తీసుకున్నాను. ప్యాంటు కాళ్ల మధ్య కుట్టుకు రెయిన్‌కోట్లు బాగుచేసే అతని చేత 60 రూపాయలకు టేపు వేయించాక నీరు రావడం ఆగింది.