పెద్ద ఓడకు ఏ ఇంజన్? ఆర్‌టీ-ఫ్లెక్స్96సీపై ఒక సమీక్ష

మహాసముద్రాలు దాటే సరుకు ఓడలకు నిదానంగా తిరిగే టూ-స్ట్రోక్ డీజిల్ ఇంజన్‌ను మించినది లేదని నా దృఢమైన అభిప్రాయం. ఆ రకానికి చక్కని ఉదాహరణ వార్ట్‌సిలా సంస్థ ఆర్‌టీ-ఫ్లెక్స్96సీ. 2006లో ప్రయాణం మొదలుపెట్టిన ఎమ్మా మేర్స్క్ కంటైనర్ ఓడలో అమర్చిన దీని 14 సిలిండర్ల ఇంజన్ సుమారు 80,000 కిలోవాట్ల శక్తినిస్తుంది. బరువు దాదాపు 2,300 టన్నులు. ఇంతటి యంత్రం పూర్తి వేగంలో కూడా నిమిషానికి 102 చుట్లు మాత్రమే తిరుగుతుంది. పెద్ద ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరిగినప్పుడే నీటిని సమర్థంగా నెడుతుంది కనుక, గేర్‌బాక్స్ లేకుండా ఇంజన్‌ను నేరుగా దానికే కలపవచ్చు. ఓడ వెనక్కి పోవాలంటే ఇంజన్‌నే ఆపి ఎదురు దిశలో తిప్పుతారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది క్రాస్‌హెడ్ (పిస్టన్ రాడ్‌ను నిటారుగా నడిపించే జారుడు కీలు) అమరిక. పిస్టన్ రాడ్ స్టఫింగ్ బాక్స్ (రాడ్ చుట్టూ బిగించిన సీలు) గుండా కిందికి దిగడం వల్ల, చిక్కటి ఇంధనం మండగా మిగిలిన మసి క్రాంక్‌కేస్‌లోని (క్రాంక్‌షాఫ్ట్ తిరిగే కింది భాగంలోని) నూనెలో కలవకుండా చాలావరకు ఆగిపోతుంది. ఓడ రేవులో ఉన్నప్పుడు సిలిండర్ విప్పకుండానే, స్కావెంజ్ పోర్టుల్లోంచి (సిలిండర్‌లోకి తాజా గాలి వచ్చే రంధ్రాల్లోంచి) లైటు వేసి చూస్తే పిస్టన్ రింగులు విరిగాయో, అతుక్కుపోయాయో, లైనర్‌పై (సిలిండర్ లోపలి గోడపై) గీతలు పడ్డాయో తెలిసిపోతుంది. నిర్వహణ తెలిసినవారికి ఇది ఎంత పెద్ద వెసులుబాటో చెప్పనక్కరలేదు.

అయితే ఈ ఇంజన్ ఎత్తు చాలా ఎక్కువ. డెక్కుల మధ్య చోటు కీలకమైన ఫెర్రీలకు, ప్రయాణికుల ఓడలకు మీడియం స్పీడ్ ఫోర్-స్ట్రోక్ ఇంజన్లే తగినవి. నాలుగైదు ఇంజన్లతో విద్యుత్తు పుట్టించి మోటార్లు నడిపితే, అవసరం లేనప్పుడు ఒకటి రెండు ఆపుకోవచ్చు. గ్యాస్ టర్బైన్ తేలికైనదే కానీ ఇంధనం ఎక్కువగా తాగుతుంది, అందుకే అది యుద్ధనౌకలకే నప్పుతుంది.

ఇంధనంలో గంధకం 0.5 శాతం మించరాదన్న అంతర్జాతీయ నిబంధన 2020లో అమలులోకి వచ్చాక, ద్రవీకృత సహజవాయువుతోనూ నడిచే డ్యూయల్ ఫ్యూయల్ ఇంజన్ల వైపు మొగ్గు పెరిగింది. వాటిని కొనేవారు మండకుండా బయటికి పోయే మీథేన్ ఎంతో తప్పక అడగాలి, ఎందుకంటే తక్కువ పీడనంతో వాయువును పంపే రకాల్లో ఆ నష్టం ఎక్కువ.

ఏ రకమైనా, గరిష్ఠ శక్తిని చూసి ఎంచుకోవడం సరికాదు. ఓడ వేగం తగ్గితే అవసరమయ్యే శక్తి దాదాపు వేగపు ఘనానికి అనుగుణంగా పడిపోతుంది. అలా తక్కువ లోడుపై ఎక్కువ కాలం నడిపితే లైనర్ చల్లబడి, గంధకామ్లం చేరి గోడలను తినేస్తుంది. కనుక ఓడ నిజంగా నడవబోయే లోడ్ల వద్ద ఇంధన ఖర్చెంతో, లైనర్‌కు పట్టించే సిలిండర్ ఆయిల్ ఎంత పోయాలో తయారీదారు నుంచి రాతపూర్వకంగా తీసుకున్న తరువాతే ఆర్డరు ఇవ్వాలి.