కలప చట్రంలో ఐదు శతాబ్దాలు: లావెనమ్‌లోని స్వాన్ హోటల్

ఇంగ్లండ్‌లోని సఫోక్ ప్రాంతంలో లావెనమ్ అనే గ్రామం ఉంది. అక్కడి స్వాన్ హోటల్ వీధిలోంచి చూసేవారికి ఒకే భవనంలా కనిపించినా, నిజానికి అది వేర్వేరుగా కట్టి, కాలక్రమంలో కలిపేసిన పాత ఇళ్ల వరుస. వాటిలో ముఖ్యమైనవి 15వ శతాబ్దానివి. గదుల గురించీ భోజనం గురించీ చెప్పేవారు చాలామందే ఉన్నారు కనుక, ఈ సమీక్షను కట్టడానికే పరిమితం చేస్తున్నాను.

ముందుగా చూడవలసింది వీధివైపు గోడ. అందులో నిలువు కంబాలు చాలా దగ్గర దగ్గరగా నిలబడి ఉంటాయి. ఇంటి బరువు మోయడానికి అన్ని కంబాలు అవసరం లేదు. అది ఓక్ కలపను అంత ధారాళంగా వాడగలిగిన స్తోమతను నలుగురికీ చూపే పద్ధతి. నీలిరంగు ఉన్ని బట్టల వ్యాపారంతో లావెనమ్ ఒకప్పుడు అంత సంపన్నమైనది. 16వ శతాబ్దంలో ఆ వ్యాపారం దెబ్బతినడంతో పాత ఇళ్లను పడగొట్టి కొత్తవి కట్టుకునే శక్తి ఊరికి లేకపోయింది. మనకు ఇవి మిగలడానికి ప్రధాన కారణం ఆ లేమే.

ఈ కట్టడాల అసలు పనితనం అతుకుల్లో ఉంది. ఒక దూలం కొసను నాలుకలా చెక్కి, మరో దూలంలో తొలిచిన గాడిలోకి దించి, రెండింటికీ అడ్డంగా రంధ్రం వేసి ఓక్ చీల దిగ్గొట్టేవారు. ఆరిన ఓక్ ఉలికి లొంగదు కనుక పచ్చి కలపనే కోసి వాడేవారు. అది గోడలోనే ఏళ్ల తరబడి ఆరుతూ, కుంచించుకుపోతూ, మెలితిరిగేది. వంగిన దూలాలనూ ఒరిగిన తలుపు చట్రాలనూ చూసి నాసిరకం పని అనుకోవడం పొరపాటు. కలప కదిలినా అతుకు విడలేదు, మెచ్చుకోవలసింది అదే.

కంబాల నడుమ ఖాళీలను తడిక అల్లి, గడ్డి కలిపిన మట్టితో మెత్తి, సున్నం పూయడం ఆనాటి రివాజు. సున్నం తేమను బయటికి వదులుతుంది. సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే చిక్కి కలపను కుళ్లబెడుతుంది. ఇంగ్లండ్‌లో ఇలాంటి ఇళ్ల కలపకు నల్లరంగు వేసే అలవాటు చాలావరకు 19వ శతాబ్దం నాటిది. లావెనమ్‌లో కనిపించే వెండి బూడిద రంగే నా కంటికి అందం.

పై అంతస్తు కింది గోడను దాటి వీధి మీదికి పొడుచుకు వస్తుంది. గది పెద్దదవుతుందనీ, చివర పడే గోడ బరువు వల్ల నేల దూలాలు నడుమ కుంగవనీ దీనికి రకరకాల వివరణలు ఉన్నాయి. హోదా ప్రదర్శన కూడా తప్పక ఉండి ఉంటుందని నా నమ్మకం.

హోటల్‌లో కలిసిపోయిన భాగాల్లో నన్ను ఎక్కువగా ఆకర్షించేది ఉన్ని హాలు. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో దానిని దూలం దూలం విప్పి వేరే ఊరికి తరలించబోతే, స్థానికులు అభ్యంతరం చెప్పడంతో వెనక్కి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. 1960లలో అది హోటల్‌లో భాగమైంది. చీలలు తీస్తే విడిపోయి, కొడితే మళ్లీ నిలబడే చట్రం కాబట్టే ఇది సాధ్యమైంది. రాతి కట్టడానికి ఇంత సులువు కాదు. అయితే ఇలా కలపడం వల్ల చరిత్రలో ఎన్నడూ లేని ఏకత్వం ఈ ఇళ్లకు వచ్చిందని కూడా ఒప్పుకోవాలి. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియాలంటే నేల ఎత్తుల్లోని తేడాలనూ దూలాల వరసనూ గమనించాలి.

బార్‌లోని ఒక గోడ మీద రెండవ ప్రపంచ యుద్ధంలో ఈ ఊరి విమానస్థావరంలో ఉన్న అమెరికా 487వ బాంబర్ దళం సైనికులు చేసిన సంతకాలను భద్రపరిచారు. ఇలాంటి చట్రాలను కట్టిన వడ్రంగులు మాత్రం ఏ దూలం ఎక్కడ కూర్చోవాలో తెలిపే అంకెల గీతలే చెక్కేవారు, పేర్లు కాదు.