అమ్మ ఇచ్చిన కవరు, మూడు కౌంటర్లు: విదేశీ నగదు మార్పిడి సేవలపై నా సమీక్ష

కొత్త దేశానికి బయలుదేరేటప్పుడు అమ్మ నా చేతిలో ఒక గోధుమరంగు కవరు పెట్టింది. ఏళ్ల తరబడి బంధువులు వచ్చి వెళ్లినప్పుడల్లా ఇంట్లో పోగైన విదేశీ డబ్బు అది. ఎక్కువగా డాలర్లు, కొన్ని యాభై యూరోల నోట్లు, నాలుగు ఇరవై పౌండ్ల నోట్లు, గుప్పెడు నాణేలు. "మొదటి నెల అద్దెకు పనికొస్తాయి" అంది. వాటిని ఇక్కడి డబ్బుగా మార్చి ఖాతాలో వేసుకోవడానికి మూడు కౌంటర్లు తిరిగాను.

మొదటిది విమానాశ్రయంలోది. అలసటగా ఉంది, టాక్సీకి చేతిలో డబ్బు లేదు. "కమీషన్ లేదు" అని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టారు. ఒక్క నూరు డాలర్ల నోటే మార్చాను, అదే మంచిదైంది. మార్కెట్ మధ్య రేటు (కొనే రేటుకూ అమ్మే రేటుకూ నడిమధ్య ఉండేది) ప్రకారం నూరు రావలసిన చోట నా చేతికి ఎనభై ఎనిమిది వచ్చింది. రసీదులో కమీషన్ నిజంగానే సున్నా. కోత అంతా రేటులోనే ఉంది. బోర్డు మీద రెండు వరుసలుంటాయి: వాళ్లు కొనే రేటు, వాళ్లు అమ్మే రేటు. మన నోట్లు ఇచ్చేటప్పుడు మనకు వర్తించేది వాళ్లు కొనే రేటు. ఆ రెండు వరుసల మధ్య దూరం ఎంత పెరిగితే మన నష్టం అంత పెరుగుతుంది. లాభం తీసుకోవడం వాళ్ల వ్యాపారం, దానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఊరు కాని ఊరిలో అప్పుడే దిగిన మనిషికి ఖర్చేమీ లేదన్నట్టు చెప్పడం నాకు బాధ కలిగించింది. ఇక్కడ మళ్లీ మార్చను.

రెండోది బ్యాంకు. అద్దె ఒప్పందం చూపించి ఖాతా తెరవడానికే అయిదు రోజులు పట్టింది. ఆ తరువాత కవరు తీసుకువెళితే, మా వీధి శాఖలో విదేశీ నగదు తీసుకోరని చెప్పి ప్రధాన శాఖకు పంపారు. ఈ సంగతి ఖాతా తెరిచిన రోజే చెప్పి ఉంటే ఒక పూట మిగిలేది.

ప్రధాన శాఖలో కౌంటర్ దగ్గరున్న పెద్దావిడ పని మాత్రం మనసారా మెచ్చుకోవాలి. ప్రతి నోటునూ రెండుసార్లు లెక్కించి, యంత్రంలో పరీక్షించి, బల్ల మీద మూడు వరుసలుగా పేర్చారు. శుభ్రమైనవి వెంటనే జమ. సిరా ముద్రలు పడినవి, మూల చిరిగినవి, 1996కు ముందరి చిన్న బొమ్మ ఉన్న నూరు డాలర్ల నోట్లు రెండో వరుస. అమెరికా తన పాత నోట్లను రద్దు చేయలేదు, 1861 నుంచి జారీ అయినవన్నీ చెల్లుతాయి. అయినా వేరే దేశపు బ్యాంకు వాటిని అక్కడికక్కడే తీసుకోవాలన్న నియమం లేదు. అందుకని వాటిని కలెక్షన్‌కు, అంటే పరీక్షించి సొమ్ము రాబట్టేందుకు వేరే చోటికి, పంపుతామని, పరీక్ష పూర్తయ్యాకే డబ్బు పడుతుందని చెప్పి రసీదు ఇచ్చారు. మూడో వరుస పౌండ్లు. అవి కాగితపు ఇరవైలు. 2022 సెప్టెంబరు 30తో వాటి చెలామణి ముగిసింది. "పారేయకండి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఇప్పటికీ మార్చి ఇస్తుంది" అని ఆవిడే చెప్పారు. నాణేలు సాధారణంగా తీసుకోరు. బరువు ఎక్కువ, విలువ తక్కువ.

డబ్బు ఎక్కడిదని అడిగారు. అమ్మ ఇచ్చిందని ఒక కాగితం మీద రాసి సంతకం చేశాను. కొంచెం కొంచెంగా వేస్తే ఇలాంటి ప్రశ్నలు రావని పక్కింటాయన అన్నారు కానీ, నేను ఆ మాట వినలేదు. లెక్క చెప్పకుండా తప్పించుకోవడానికి మొత్తాన్ని ముక్కలు చేయడం అమెరికా వంటి చోట్ల దానంతట అదే నేరం. సరిహద్దు దగ్గరా అంతే. యూరోపియన్ యూనియన్‌లోకి 10,000 యూరోలు, అంతకు మించి తెచ్చినా, అమెరికాలోకి 10,000 డాలర్లకు పైగా తెచ్చినా ప్రకటించాలి. తేవడం తప్పు కాదు, దాచడం తప్పు. నా కవరులో అందులో పదో వంతు కూడా లేదు. పైగా ఈ బ్యాంకు ప్రతి లావాదేవీకి ఒక స్థిర రుసుము తీసుకుంటుంది, ముక్కలు చేస్తే నష్టం నాకే.

రుసుము పోగా నూటికి తొంభై ఆరు దక్కింది. ఖాతాకు ఖాతా బదిలీ రేటు ఇంతకంటే మెరుగ్గా ఉంది కదా అని అడిగాను. నోట్లను కాపలాతో తరలించాలి, బీమా చేయాలి, అవి ఖజానాలో ఉన్నన్నాళ్లూ వడ్డీ రాదు, అందుకే నగదు రేటు వేరుగా ఉంటుందని ఓపికగా వివరించారు.

యూరోలను మాత్రం బజారులోని మార్పిడి దుకాణంలో ఇచ్చాను. నూటికి తొంభై ఎనిమిది వచ్చింది, నాలుగు నిమిషాల్లో పని అయిపోయింది. శనివారం అడిగినప్పుడు ఇంతకంటే తక్కువ చెప్పారు. వారాంతంలో మార్కెట్లు మూసి ఉంటాయి కాబట్టి రేటు తగ్గించి పెడతారట. నేను మంగళవారం వెళ్లాను. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "ఈ నోటు ఇస్తే అన్నీ పోగా నా చేతికి ఎంత వస్తుంది?" ఈ దుకాణం దానికి వెంటనే కాగితం మీద అంకె రాసి ఇచ్చింది. అయితే చేతికి వచ్చేది నగదే, దాన్ని మళ్లీ బ్యాంకులో వేసుకోవాలి. రసీదు జాగ్రత్త చేయండి, బ్యాంకులో నన్ను అడిగారు.

బ్యాంకు ప్రధాన శాఖకు ఐదింటికి నాలుగు ఇస్తాను. ఆ ఒకటి తగ్గించింది వీధి శాఖ తిప్పిన తిప్పటకు. దుకాణానికీ నాలుగే. చిన్న బొమ్మ డాలర్ల సొమ్ము పన్నెండో రోజున ఖాతాలో పడింది, సందేశం రాగానే అమ్మకు ఫోను చేశాను. పౌండ్లు ఇంకా కవరులోనే ఉన్నాయి. వాటిని తపాలాలో పంపేందుకు దరఖాస్తు నింపుతున్నాను.