భాగహారం నేర్పే పూసల పలక: ఒక సమీక్ష

మాంటిసోరి పద్ధతిలో వాడే భాగహారపు పలకతో రెండు నెలలుగా మా పాపకు లెక్కలు నేర్పుతున్నాను. చెక్క పలక మీద వరుసకు 9 చొప్పున 81 గుంటలు, వాటిలో పెట్టడానికి 81 ఆకుపచ్చ పూసలు, పై అంచున నిలబెట్టడానికి 9 చిన్న చెక్కబొమ్మలు ఉంటాయి.

17ను 5తో భాగించాలంటే, పాప ఐదు బొమ్మలను నిలబెట్టి, ఒక్కో బొమ్మకు ఒక్కో పూస చొప్పున పంచుకుంటూ వెళుతుంది. మూడు వరుసలు నిండాక రెండు పూసలు అరచేతిలో మిగిలిపోతాయి. వాటిని చూసి "ఇవి అందరికీ సరిపోవు" అని తనంతట తానే అన్న రోజున, నేను ఎన్నిసార్లు వివరించినా అందని శేషం ఆమెకు అర్థమైపోయింది. ఒక్క బొమ్మకు వచ్చినదే భాగఫలమని మాత్రం మొదట పదేపదే గుర్తుచేయాలి. లేకపోతే పంచిన పూసలన్నీ లెక్కపెట్టి 15 అంటారు. ఎక్కాలు ఇంకా రాని పిల్లలకు కూడా ఇది నిస్సంకోచంగా కొనివ్వదగినది.

మాకు వచ్చిన పలకలో గుంటల లోతు చాలక, చేయి తగిలితే పూసలు దొర్లిపోతున్నాయి. అంతకంటే ముఖ్యంగా, ఇది సమానంగా పంచడాన్నే చూపిస్తుంది. 12లో మూడేసి చొప్పున ఎన్ని గుంపులు వస్తాయన్న రెండో అర్థాన్ని గింజలతోనో పుల్లలతోనో విడిగా నేర్పక తప్పదు.